జాతి పక్కన చుక్క

చనిపోయిన పదకొండో రోజున ఆమె జాతిరత్నం అయింది.

వాకాడు బస్టాండు నుంచి సంతాపసభ పెట్టిన కల్యాణమండపం దాకా దారి పొడవునా ఫ్లెక్సీలు కట్టారు. మధ్యలో ఆమె ఫోటో, ఒక దీపం బొమ్మ, అడుగున కుల సంఘం పేరు, దాని పక్కన సంఘం పెద్దల ముఖాలు. చనిపోయిన మనిషి ముఖం కంటే బతికున్న వాళ్ల ముఖాలే పెద్దవిగా ఉన్నాయి. అన్నిటికంటే పైన ఎర్రటి అక్షరాలతో ‘మా జాతిరత్నానికి అశ్రునివాళి’ అని రాశారు. అది చదివి ఎండలో అలాగే నిలబడిపోయాను. ఒక మనిషి జీవితమంతా ఒక్క మాటతో తగువు పడింది. ఊపిరి ఆగగానే ఆ మాటనే తెచ్చి ఆమె నెత్తిన పెట్టారు. ఇక ఆమె లేచి వద్దనలేదు కదా.

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు దొరికితే దాన్ని వాసన చూసి కులం చెప్పేసే నేర్పు మనవాళ్లలో చాలామందికి ఉంది. ఈ తీరంలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. పిల్లలు ‘పీతల మేడం’ అనేవాళ్లు. ఆమెకు ఆ పేరే ఇష్టం.

వాకాడుకు కొత్తగా బదిలీ అయి వచ్చినప్పుడు అద్దె ఇంటి కోసం తిరుగుతుంటే ఒక యజమాని మర్యాదగానే అడిగాడట, “మీరేమిటోళ్లమ్మా?” అని.

“వెన్నెముక ఉండేవోళ్లం,” అని చెప్పిందట ఈమె.

ఆయన కాసేపు ఆలోచించి, “వాళ్లు ఈ పక్క తక్కువేలేమ్మా,” అన్నాడట.

ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా చివర ఆమె ఒకటే మాట అనేది. “నిజమే చెప్పినాడు సార్ పాపం.”

ఆమె చేతిసంచిలో మూడు వస్తువులు ఎప్పుడూ ఉండేవి. ఒక పాత గొడుగు, చెప్పులు చుట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు, ఒక ఎర్ర పెన్ను. ఉప్పుటేటి బురదలోకి దిగేటప్పుడు చెప్పులు కవరులో పెట్టి, చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్డులో దోపుకుని, కాలేజీ ప్రిన్సిపాలు చూస్తున్నా సరే నడిచి వెళ్లిపోయేది. ఎర్ర పెన్ను పిల్లల పరీక్ష పేపర్లకే పరిమితం కాదు. పెళ్లి శుభలేఖ చేతికిస్తే ముందు తప్పులు దిద్ది, తర్వాత అక్షింతలు తీసుకునేది. బస్సులో ముందు సీటు వెనక రాసి ఉన్న మాటల్ని కూడా దిద్దడం నేను చూశాను. దిద్దేటప్పుడు కోపం ఉండేది కాదు. “మాట వంకరగా ఉంటే మనిషి దాన్ని పట్టుకుని వంకరగానే నడుస్తాడు,” అనేది.

మా పరిచయం ఒక అవమానంతో మొదలైంది. అవమానం నాకే. ఊరూరా తిరిగి హేతువాదం మాట్లాడే నేను, వాళ్ల కాలేజీలో పరిణామవాదం గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. జీవులు ఎలా పుట్టాయి, ఒకే మూలం నుంచి వచ్చినవి ఎలా వేరుపడ్డాయి, వేరుపడ్డాక మళ్లీ ఎందుకు కలిసిపోవు, అన్నీ ధాటిగా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరి బెంచీలో కూర్చున్న ఆమె కొట్టలేదు. బయటకొచ్చాక అడిగింది.

“సార్, పీతల్ని చూసినారా?”

“ఏ పీతల్ని?”

“అదే చెప్తుండా. చూడకుండా మాట్లాడొద్దు. రాండి.”

మిట్ట మధ్యాహ్నం నన్ను ఉప్పుటేటికి లాక్కుపోయింది. పాటు సమయం, నీళ్లు వెనక్కి పోయి బురద మెరుస్తోంది. గట్టు మీద కదలకుండా కూర్చోమంది. కాసేపటికి బొరియల్లోంచి వేలెడంత పీతలు బయటకొచ్చాయి. మగవాటికి ఒక చేయి చిన్నది, ఇంకో చేయి ఒంటికి మించినంత పెద్దది. ఆ పెద్ద చేతిని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తాయి. వందల చేతులు ఒక్కసారి లేస్తుంటే ఏదో పార్టీ బహిరంగసభలా ఉంది. ఆ మాటే అన్నాను. “ఆ సభల కంటే వీటికి ఏం కావాలో వీటికి బాగా తెలుసు సార్,” అంది.

తర్వాత లేచి నిలబడింది. ఎడమ చేత్తో కుడి మోచేయి పట్టుకుని, కుడి చేతిని నిటారుగా పైకి లేపి దించింది. “ఇది ఒక రకం.” మళ్లీ అదే చేతిని పక్కకు చాపి గుండ్రంగా తిప్పి గుండెకు తెచ్చుకుంది. “ఇది ఇంకో రకం. దగ్గర చుట్టాలే. బొరియలు పక్కపక్కనే. తినే బురద ఒకటే, తడిపే పోటు ఒకటే. మరి ఎందుకు కలవవు?”

“ప్రకృతి నియమం,” అన్నాను.

“నియమం ఎవురు రాసినారు? నోరు మూసుకోని చూడండి.”

చూశాను. ఒక ఆడపీత నిటారుగా చేయి ఊపే వాటి ముందు నుంచి అసలు ఆగకుండా నడిచిపోయింది. గుండ్రంగా చేయి తిప్పే ఒకదాని ముందు ఆగింది. దాని బొరియ వైపు తిరిగింది.

“ఆ మొదటి పిలుపు దానికి అర్థం కాలేదు. అంతే సార్. కోపం లేదు, అసహ్యం లేదు, పరువు పోయిందనేది లేదు. కొన్నిటికి పిలుపు తేడా. కొన్నిటికి కాలం తేడా, ఒక పువ్వు పొద్దున విచ్చుకుంటే దాని చుట్టం సాయంత్రం విచ్చుకుంటుంది. కొన్ని కలిసినా పిండం నిలవదు. గుర్రానికీ గాడిదకూ కంచర గాడిద పుట్టినా దానికి మళ్లీ పిల్లలు పుట్టవు. ఇన్ని రకాలుగా వేరుగా ఉండాయి గదా, ఒక్కదానికన్నా కాపలా ఉండాదా? ఎప్పుడన్నా రెండు రకాలు పొరపాటున కలుస్తాయి. అప్పుడు కూడా ఈ బురదలో పంచాయితీ జరగదు.”

అప్పటి నుంచి ఆమె ఎక్కడ కనిపించినా ముందు ఆ చేయి లేచేది. ఆమె దగ్గర చదివిన పిల్లలు కూడా అలాగే పలకరించేవాళ్లు. ముత్తుకూరు బస్సులో ఒక చివర నుంచి నిటారుగా ఒక చేయి, ఇంకో చివర నుంచి గుండ్రంగా ఒక చేయి. కండక్టరు బిత్తరపోయేవాడు.

ఆ పీతల ప్రేరణతోనే నేను ఒక చిన్న పుస్తకం రాశాను. జీవుల మధ్య ఈ ఎడం ఎలా ఏర్పడుతుందో సులభంగా చెప్పే పుస్తకం. శాస్త్రంలో దీనికి ప్రత్యుత్పత్తి వివిక్తత అని నోరు తిరగని పేరుంది. దాన్ని విప్పి చెబుతూ ఒకచోట ఇలా రాశాను: ‘ఒక జాతి మరొక జాతితో కలవదు. కలిసినా ఆ సంతతి నిలవదు. ఇది ప్రకృతి గీసిన గీత.’ రాసినప్పుడు ఆ వాక్యాల బిగువు చూసుకుని మురిసిపోయాను.

అచ్చుకు ముందు ఆమెకు చూపించాను. ఎర్ర పెన్ను మొదట ‘ప్రకృతి గీసిన గీత’ను కొట్టేసింది. “ప్రకృతికి గీతలు గీసే పని లేదు. చూసి మనం గీసుకుంటాం.” తర్వాత ‘జాతి’ అనే మాట చుట్టూ సున్నా చుట్టింది.

“దీని పక్కన ఒక చుక్క పెట్టి, పేజీ అడుగున వివరం రాయండి సార్. పాఠంలో జాతి అంటే ఒకటి. మన ఊళ్లల్లో జాతి అంటే ఇంకోటి. తిట్టేటప్పుడు ఏం జాతి అంటారో, పొగిడేటప్పుడు ఏ జాతి అంటారో మీకు తెలీదా?”

“అది పారిభాషిక పదం మేడం. చదివేవాడికి ఆ మాత్రం తెలీదా?”

“చదివేవాడికి తెలుసు. వాడుకునేవాడికి కూడా తెలుసు. అదే సార్ నా భయం.”

నేను వినలేదు. పేజీ అడుగున చుక్కలు పెడితే పుస్తకం పాఠ్యపుస్తకంలా ఉంటుందని, వాక్యం బిగువు పోతుందని వాదించాను. గీతను కూడా ఉంచేశాను. మూఢనమ్మకాల మీద వేదికలెక్కి గర్జించే నేను, నా వాక్యం మీద నాకున్న మోజును మాత్రం గుర్తించలేకపోయాను.

తర్వాత రెండేళ్లకు సుజాత సంగతి వచ్చింది. సుజాత ఆమె శిష్యురాలు. వాకాడు అవతల వరి పండించే రైతు కుటుంబం పిల్ల, తీరంలో ఒక రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియన్‌గా చేస్తోంది. ముత్తుకూరు దగ్గర కరెంటు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసే డేవిడ్‌ను ఇష్టపడింది. అతను క్రైస్తవుడు, సుజాత ఇంటివాళ్ల లెక్కలో తక్కువ కులం. ఇద్దరూ మేజర్లు. దొంగచాటుగా పారిపోకుండా, చట్టప్రకారం పెళ్లికి రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చారు. ఆ నోటీసును ముప్పై రోజులు బోర్డుకు అతికిస్తారు. ఎవరో దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. సాయంత్రానికి సుజాత ఫోను ఆగిపోయింది. హేచరీకి రావడం మానేసింది.

“ఇంట్లో పెట్టి గొళ్లెం వేసినారంట,” అని ఆమె నాకు ఫోను చేసింది. “ఇంకో పక్క సంబంధం చూస్తుండారంట. రేపు పోదాం. మీరు మాట్లాడతారు గదా, గొంతు ఉండాది.”

వెళ్లాం. సుజాత ఇంటి వరండాలో కుర్చీలు వేసి ఎనిమిది మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. సుజాత తండ్రి తల దించుకుని ఉన్నాడు. మాట్లాడేదంతా మేనమామే. ఆయన హైస్కూలులో సైన్సు చెప్పే సారు. లోపలి గది తలుపుకు బయట నుంచి గొళ్లెం వేసి ఉంది. ఆ తలుపు పక్కనే, గోడకు ఆనుకుని సుజాత తల్లి నేల మీద కూర్చుంది.

మేనమామ మేడానికి కుర్చీ వేయించాడు. “రాండక్కా. మీరు మనోళ్లే గదా. మీరే పిల్లకు నాలుగు మంచి మాటలు చెప్పండి.”

“చెప్పను, అడుగుతా,” అంది ఆమె. “తలుపు తీయండి. దానికి ఇష్టమో కాదో దాని నోటితో అడుగుతా.”

ఆయన నవ్వి, చొక్కా జేబులోంచి ఒక పుస్తకం తీశాడు. నా పుస్తకమే. పేజీ మడత పెట్టి మరీ తెచ్చాడు.

“ఇది రాసింది మీరే గదా సార్? దేవుడు లేడనేవోళ్లు మీరు. మీరే రాసినారు, మేం రాయలేదు.” అని వరండా అంతా వినేలా చదివాడు. ‘ఒక జాతి మరొక జాతితో కలవదు. కలిసినా ఆ సంతతి నిలవదు. ఇది ప్రకృతి గీసిన గీత.’ ఆగి, చుట్టూ చూసి, “సైన్సే చెప్తుండాది. గుర్రాన్ని తీసకపోయి గాడిదకు కట్టేస్తే ఏం పుడతాది? కంచర గాడిద పుడతాది. మా ఇంట్లో అది పుట్టేదానికి లేదు,” అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. గది లోపల ఏదో కిందపడిన చప్పుడైంది.

నేను నోరు తెరవలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎన్నో సభల్లో ఎందరినో నిలదీసిన వాణ్ని. నా వాక్యమే ఒక ఆడపిల్ల తలుపుకు రెండో గొళ్లెమై కూర్చుంటే, “అది పారిభాషిక పదం” అని ఆ వరండాలో ఎలా అనాలో నాకు తెలియలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు సైన్సు చెప్పి జీతం తీసుకునే మనిషికి ఆ మాట అర్థం తెలియకనా? తెలుసు. తెలిసే చదివాడు. తెలియనివాడిది అజ్ఞానం, దానికి మందు ఉంది. తెలిసి చదివిన వాడిది ఏమిటో చెప్పడానికి మర్యాదైన మాట నా దగ్గర లేదు.

ఆమె కుర్చీలోంచి లేచింది. గొంతు పెంచలేదు. క్లాసులో చివరి బెంచీ పిల్లవాణ్ని అడిగినట్టు అడిగింది.

“సార్, మీరు సైన్సు చెప్పేవోళ్లు. ఒక ప్రశ్న అడుగుతా. గుర్రాన్నీ గాడిదనీ పక్కన పెట్టండి. ఏటిలో రెండు రకాల పీతలు ఉండాయి, పక్కపక్క బొరియల్లో. ఒకదాని మొగం ఒకటి చూడవు. వాటికి కాపలా ఎవురు పెట్టినారు?”

“ఎవురు పెడతారు? వాటి తత్వం అది.”

“మంచిది. మరి ఈ గొళ్లెం ఎందుకు పెట్టినారు?”

ఆయన పేజీ మడతను వేలితో నలిపాడు.

“ఆ పిల్లా ఆ పిల్లోడూ వేరు వేరు జాతులైతే, మీరు తలుపు బార్లా తీసిపెట్టినా కలవరు. పిలుపే అర్థం కాదు. మీరు గొళ్లెం వేసినారు, ఫోను తీసుకున్నారు, ఎనిమిది మందిని కూచోబెట్టినారు. అంటే ఒకటే జాతి అని మీకు తెలుసు. మీ గొళ్లెమే చెప్తుండాది సార్ ఆ సంగతి. నేను చెప్పే పని లేదు.”

ఎవరో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మేనమామ ముఖం ఎర్రబడింది. పుస్తకాన్ని నేల మీదకు విసిరాడు. “అక్కా అని కుర్చీ వేసినాం చూడు, మాది తప్పు. నువ్వు మా జాతిలో చెడబుట్టినదానివి. నువ్వు మా జాతిదానివే కాదు. లెయ్, నడువు.” ఆమె గొడుగు తీసి వీధిలోకి గిరాటు వేశాడు.

ఆ మాటను గుర్తుంచుకోవాలి. ‘నువ్వు మా జాతిదానివే కాదు.’ ఎనిమిది మంది విన్నారు. నేను తొమ్మిదోవాణ్ని.

ఆమె కదలలేదు. అప్పుడు గోడ దగ్గర నుంచి సుజాత తల్లి అన్నది, “అన్నా, ఆమె అడిగినదానికి సమాధానం చెప్పు.”

“నువ్వు ఊరుకోమే.”

“చెప్పన్నా. గొళ్లెం ఎందుకు పెట్టినావు?”

“పరువు కోసరం.”

“అట్టయితే సైన్సు అని ఎందుకు చదివినావు?”

ఆ తల్లి మోకాలి మీద చేయి ఆనించుకుని లేచింది. మొగుడి వైపు చూసింది. అతను తల ఎత్తలేదు, వద్దని కూడా అనలేదు. ఆమె గొళ్లెం తీసింది. సుజాత ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటకు వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, మా వెనక ఆటో ఎక్కింది. అన్నా అని పిలిచే వరస ఆ తల్లికి ఆ రోజుతో పోయింది. మేడం ఇంటికి చుట్టాల రాకపోకలు ఆగిపోయాయి. సొంత పినతండ్రి కూతురి పెళ్లికి కూడా ఆమెను పిలవలేదు. “మంచిదే, శుభలేఖలు దిద్దే పని తప్పింది,” అని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మట్టి అంటిన నా పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆఖరి ఖాళీ పేజీలో కుదుపుల మధ్య ఎర్ర పెన్నుతో మూడు వాక్యాలు రాసి నాకిచ్చింది. “రెండో ముద్రణలో వేయండి సార్. చుక్క మర్చిపోవద్దు.”

రెండో ముద్రణ రాలేదు. నేను వేయించలేదు. రేపు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటూ ఆ ప్రతిని బీరువాలో పెట్టాను. నా తప్పు నా అక్షరాల్లోనే ఉండిపోయింది. ఆమె దిద్దిన మాట ఎవరూ చదవలేదు.

అలాంటిది, ఇప్పుడు ‘మా జాతిరత్నం’.

కల్యాణమండపంలో వేదిక మీద ఆ మేనమామే ఉన్నాడు. రిటైరయ్యాక కుల సంఘానికి కార్యదర్శి అయ్యాడట. ఆమె ఫోటోకు దండ వేసి, కళ్లు తుడుచుకుని, మైకు ముందు నిలబడి, మా జాతిలో ఇలాంటి మేధావి మళ్లీ పుట్టదన్నాడు. జాతి గర్వించే బిడ్డ అన్నాడు. కుర్చీల్లో కూర్చున్న ఎవరికీ నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఆ వరండాలో ఉన్న వాళ్లలో ఇద్దరు ముందు వరసలోనే కూర్చుని తల ఊపుతున్నారు. వెన్నెముక ఉండేవాళ్లు ఈ పక్క తక్కువే.

సుజాత వెనక వరసలో ఉంది. ఒక పక్క డేవిడ్, ఇంకో పక్క తల్లి. నాలుగేళ్ల కూతురు ఒళ్లో కూర్చుని బిస్కెట్టు తింటోంది. వేదిక దిగి వస్తూ మేనమామ వాళ్లను చూసి ముఖం తిప్పుకోబోయాడు.

“మామా,” అంది సుజాత, మామూలు గొంతుతోనే. “కంచర గాడిద వచ్చింది. పలకరించిపో.”

ఆయన ముందు వరసలోకి పోయి కూర్చున్నాడు.

నన్ను మాట్లాడమని పిలిచారు. జేబులో నాలుగు పేజీల ప్రసంగం ఉంది. వేదిక ఎక్కి, వెనక కూడా కట్టిన అదే ఫ్లెక్సీని చూశాను. ప్రసంగం తీయలేదు. సుజాత దగ్గరికి దిగి వెళ్లి, రాసేది ఏమన్నా ఉందా అని అడిగాను. హేచరీలో తొట్ల మీద గుర్తులు రాసే నల్ల మార్కరు బ్యాగులోంచి తీసి ఇచ్చింది. నీళ్లు పడినా చెరగదంది.

ఫ్లెక్సీ మీద ‘జాతి’ అనే మాట పక్కన చేయి చాపి ఒక పెద్ద చుక్క పెట్టాను. తర్వాత కింద మోకాళ్ల మీద కూర్చుని, ఆమె ఆటోలో రాసిచ్చిన మూడు వాక్యాలను పెద్దల ముఖాల మీదుగా రాయడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఎవరో, “ఏంది సార్ అది, ఖరీదైన ఫ్లెక్సీ,” అన్నారు. నేను ఆగలేదు. అక్షరాలు వంకరపోయాయి. ఆమె చూసి ఉంటే దిద్దేది.

“ఏం రాసినావు నాయనా?” అని సుజాత తల్లి వెనక వరసలోంచి అడిగింది. “నాకు చదువు రాదు. గట్టిగా చదువు.”

మైకు తీసుకుని చదివాను. ఆ రోజు నా ప్రసంగం అంతే.

“చుక్క. ఇక్కడ జాతి అంటే కులం కాదు. మనుషులందరిదీ ఒకటే జాతి. నమ్మనివాళ్లు తమ ఇంటి తలుపుకు వేసిన గొళ్లెం ఒకసారి చూసుకోండి.”